సగం నిండిన వ్యాగన్: కేకే లైను గూడ్సు మోడళ్లలో ఖచ్చితత్వం ఎక్కడుంది?

ఇనుప ఖనిజం మోసే బాక్స్‌ఎన్ వ్యాగన్ మోడల్ ఎవరైనా మీకు చూపిస్తే ముందు దాని లోపలికి తొంగి చూడండి. ఖనిజం అంచుల దాకా గుట్టగా పోసి కనిపిస్తే, బయట రంగు ఎంత చక్కగా కుదిరినా, అక్షరాలు ఎంత సన్నగా రాసినా, ఆ వ్యాగన్ అరకు లోయ మీదుగా ఎన్నడూ నడిచినది కాదని చెప్పేయవచ్చు. లెక్క సులువే. బాక్స్‌ఎన్ లోపలి పొడవు 9.784 మీటర్లు, వెడల్పు 2.95, ఎత్తు 1.95. అంటే 56 ఘనపు మీటర్ల పైచిలుకు చోటు. మొదటి డిజైన్ ప్రకారం అది మోయాల్సిన బరువు 58.81 టన్నులు. బొగ్గయితే ఘనపు మీటరుకు టన్ను కూడా తూగదు కాబట్టి పెట్టె నిండుతుంది. ఇనుప ఖనిజం ఘనపు మీటరుకు రెండు టన్నుల పైనే తూగుతుంది. రెండు పాయింట్ నాలుగు అనుకుంటే 25 ఘనపు మీటర్లు నిండకముందే బరువు సరిపోతుంది. సగం కూడా కాదు. 87వ వంతు మోడల్‌లో పెట్టె లోతు 22 మిల్లీమీటర్లయితే, అందులో ఖనిజం సగటున 10 మిల్లీమీటర్ల మందాన ఉండాలి. ప్లాట్‌ఫారం మీద నిలబడి చూసేవారికి లోడు బండి కూడా ఖాళీగానే కనిపించడానికి కారణం ఇదే.

గూడ్సు వ్యాగన్ల మోడళ్ల మీద జరిగే చర్చ ఎక్కువగా మెట్లు, పైపులు, గొళ్లేలు, అక్షరాల సైజుల చుట్టూ తిరుగుతుంది. అవి ముఖ్యం కావని కాదు. కానీ మన కొండ లైనును మోడల్‌గా చేయాలనుకునేవాడికి అసలు పరీక్షలు వేరే ఉన్నాయి: పట్టాల గేజి, పెట్టెలోని లోడు, వాడకంలో పట్టిన మురికి. ఈ మూడూ తప్పితే మిగతా నాజూకు పనంతా వృథా. ఈ మూడూ కుదిరితే మెట్లు కాస్త లావైనా కన్ను క్షమిస్తుంది.

కేకే లైనునే ఎందుకు తీసుకోవాలి? కొత్తవలస నుంచి కిరండూల్ దాకా సుమారు 445 కిలోమీటర్ల ఈ దారి పుట్టిందే గూడ్సు కోసం. బైలదిల్లా కొండల ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు ఎగుమతి చేయడానికి 1960లో ఒప్పందం కుదిరింది. దండకారణ్య–బొలంగీర్–కిరిబురు ప్రాజెక్టులో భాగంగా 1960లలో తూర్పు కనుమలను తొలిచి పట్టాలు వేశారు. 58 సొరంగాలు. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస దాటి శిమిలిగూడ చేరేసరికి సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తు. బ్రాడ్‌గేజి మీద దేశంలో అత్యంత ఎత్తైన స్టేషనుగా దాన్ని చాలాకాలం చెప్పుకున్నారు. 1982లో కరెంటు ఇంజన్లు వచ్చాయి. పర్యాటకుల అద్దాల పెట్టె 2017లో గానీ రాలేదు. అంటే మనం ఫొటోల్లో చూసి మురిసిపోయే అరకు రైలు ఈ లైనుకు చుట్టపు చూపుగా వచ్చినది. ఇంటి మనిషి మాత్రం ఎర్రదుమ్ము కొట్టుకున్న గూడ్సే. కొండవాలు పల్లెల్లో పగలూ రాత్రీ వినిపించే చప్పుడు దానిదే.

మోడల్ చేసేవాడికి ఇందులో ఒక వరం ఉంది. అమెరికాలో వ్యాగన్ల మోడలింగ్ ఒక శాస్త్రంలా పెరగడానికి కారణం అక్కడి బళ్లలో ఉండే కలగాపులగం. వందల రైలు కంపెనీల వ్యాగన్లు ఒకదాని పట్టాల మీద ఇంకొకటి తిరిగేవి. అందుకని ఒక్కో కంపెనీ, ఒక్కో సంవత్సరం, ఒక్కో తలుపు రకం పట్టుకుని రెసిన్ కిట్లు పోతపోసే చిన్న చిన్న తయారీదారులు పుట్టుకొచ్చారు. ఒక మెయిన్ లైను బండిలో ఏ కంపెనీ పెట్టెలు ఎన్ని ఉండాలన్నదానికి దేశం మొత్తం మీద ఆ కంపెనీ వాటా ఎంతో అదే కొలత అని ఒక సూత్రం కూడా ప్రతిపాదించి, దాని మీద ఏళ్ల తరబడి వాదులాడుకున్నారు. మనకు ఆ తలనొప్పి లేదు. ఖనిజం బండి అంటే ఒకే రకం వ్యాగన్లు, సాధారణంగా 58, చివర బ్రేక్ వ్యాన్. ఒక వ్యాగన్‌ను సరిగ్గా చేయగలిగితే బండి అంతా వచ్చినట్టే. అయితే ఆ సూత్రం ఇక్కడ పనికిరాదనుకోవద్దు. బాక్స్‌ఎన్ దేశమంతా ఉమ్మడిగా తిరిగే వ్యాగన్. ఈ నెల ఖనిజం, పై నెల బొగ్గు. కాబట్టి ఒకే రేకులో, అంటే ఒక బండిగా కలిపిన వ్యాగన్ల వరుసలో, రకరకాల జోన్ల పేర్లున్న వ్యాగన్లు కలిసి ఉండాలి. 58 పెట్టెల మీదా తూర్పు కోస్తా రైల్వే పేరే రాసుకుంటే అది కొత్త బొమ్మల డబ్బా తెరిచినట్టుంటుంది.

ఇక ఏ కాలానికి ఏ వ్యాగన్ అన్నది. లైను తెరిచిన తొలి ఏళ్లలో డీజిల్ ఇంజన్లు, వాటి వెనక వాక్యూమ్ బ్రేకులున్న పాత తరం బాక్స్ వ్యాగన్లు. ఖనిజం కోసమే ప్రత్యేకించి పొట్టి గోడలతో చేసిన బీఓవై వ్యాగన్ మరో రకం. ఇరుసుకు 22.9 టన్నుల భారం తట్టుకునేలా రూపొందించింది. గోడలు పొట్టివి కావడంతో అందులో లోడు కంటికి కనిపిస్తుంది. ఖనిజం కనబడాలని ముచ్చటపడేవారు అసలు ఎంచుకోవాల్సింది దీన్నే. 1980ల మొదట్లో గాలి బ్రేకులతో బాక్స్‌ఎన్ వచ్చింది. తర్వాత స్టెయిన్‌లెస్ ఉక్కుతో తేలికైన బాక్స్‌ఎన్‌ఎల్‌డబ్ల్యూ, ఇంకా కొంచెం పొడవైన బాక్స్‌ఎన్‌హెచ్‌ఎల్. ముందు ఇంజన్లలో కూడా కాలం కనిపిస్తుంది: మూడేసి వ్యాగ్-5లు కలిసి లాగిన రోజులు, స్వీడన్ నుంచీ జపాన్ నుంచీ తెప్పించి విశాఖ షెడ్డులో పెట్టిన వ్యాగ్-6ల రోజులు. మన ఖనిజం వెళ్లిన దేశం నుంచే దాన్ని లాగే ఇంజన్లు రావడం చరిత్రలోని చిన్న చమత్కారం. మోడల్ చేసేవాడు ముందు సంవత్సరం తేల్చుకోవాలి. అది తేల్చుకోకుండా 2003లో పుట్టిన తూర్పు కోస్తా జోన్ పేరును లైను తొలినాళ్ల డీజిల్ ఇంజను వెనక తగిలించడం మన ప్రదర్శనల్లో అరుదేమీ కాదు. అంతకు ముందు అదంతా ఆగ్నేయ రైల్వే.

ఇప్పుడు అసలు చిక్కు, గేజి. ప్రపంచంలో ఎక్కువమంది వాడే హెచ్‌ఓ కొలత నిజానికి 87వ వంతు. ఆ పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. యూరప్, అమెరికాల 1435 మిల్లీమీటర్ల గేజికి అది అతికినట్టు సరిపోతుంది. మన బ్రాడ్‌గేజి 1676. దాన్ని 87తో భాగిస్తే 19.26 వస్తుంది. అంటే మార్కెట్లో దొరికే పట్టాల మీద 87వ వంతు బాక్స్‌ఎన్‌ను నిలబెడితే కాళ్ల దగ్గర దాదాపు 3 మిల్లీమీటర్లు ఇరుకు. పక్క నుంచి చూస్తే తెలియదు. ఎదురుగా చూస్తే మాత్రం 37 మిల్లీమీటర్ల వెడల్పు పెట్టె సన్నకాళ్ల మీద తూలుతున్నట్టుంటుంది. బ్రాడ్‌గేజి వ్యాగన్‌కుండే ఆ నిబ్బరమే పోతుంది.

దీనికి దారులు మూడు. ఒకటి, చూసీ చూడనట్టు ఊరుకోవడం. బ్రిటిష్ వాళ్లు దశాబ్దాలుగా చేస్తున్నది ఇదే. వాళ్ల ఓఓ కొలతకు 18.83 మిల్లీమీటర్ల పట్టాలు కావాలి, నడిపేది 16.5 మీద. 1668 గేజి ఉన్న స్పెయిన్ మోడలర్లలోనూ ఎక్కువమంది ఇలాగే సర్దుకున్నారు. రెండు, పట్టాలను వదిలి వ్యాగన్‌ను కుదించడం. 16.5 మిల్లీమీటర్ల మీద మన గేజి సరిపోవాలంటే మోడల్ సుమారు 100వ వంతు ఉండాలి. దీనికో అనుకోని సదుపాయం ఉంది: ఇళ్ల నమూనాలు చేసే ఆర్కిటెక్టులు వాడేది కూడా 1:100 కొలతే కాబట్టి మనుషులు, చెట్లు ఆ సైజులో దొరుకుతాయి. కానీ చక్రాలు, కప్లింగులు 87వ వంతువే వాడాలి. అవి లావుగా కనిపిస్తాయి. మూడు, 19.26 పట్టాలు స్వయంగా వేసుకుని ఇరుసులు పొడుగు చేసుకోవడం. నా అభిప్రాయం దాచను. నడిపే లేఅవుట్‌కు మొదటి దారే చాలు, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. గాజు పెట్టెలో పెట్టి చూపించే ఒక్క వ్యాగన్‌కు మాత్రం 19.26 తప్ప ఇంకో మాట లేదు. దాన్ని నడపరు గనక, అడుగు పొడవు పట్టా వేసుకోలేకపోవడానికి సాకు కూడా దొరకదు.

కింది భాగాల విషయంలో మాత్రం అదృష్టం మన వైపుంది. మన వ్యాగన్లకు మధ్య బఫర్ కప్లింగు అమెరికా తరహాది. కాబట్టి ఒరెగాన్‌కు చెందిన కేడీ కంపెనీ కప్లింగులు మన బాక్స్‌ఎన్‌కు పెట్టినా సొంతవాటిలాగే ఉంటాయి. బాక్స్‌ఎన్ కింద ఉండే కాస్నబ్ బోగీ కూడా పోత ఉక్కుతో మూడు ముక్కలుగా చేసే అమెరికా బోగీల కుటుంబానికి చెందినదే. అక్కడి వంద టన్నుల వ్యాగన్ బోగీని దూరం నుంచి చూస్తే మనదే అనిపిస్తుంది. కొలిస్తే తేడా బయటపడుతుంది. కాస్నబ్ చక్రాల మధ్య దూరం 2000 మిల్లీమీటర్లు, మోడల్‌లో 23. అమెరికా బోగీది 20 దాటి కొంచెం. చక్రం కూడా అంతే: మనది 1000 మిల్లీమీటర్లు, మోడల్‌లో 11.5 ఉండాలి. అమెరికా 36 అంగుళాల చక్రం మోడల్‌లో 10.5. ఒక్క మిల్లీమీటరేగా అనుకోవచ్చు గానీ, వ్యాగన్ నేలకు కుంగినట్టు కనిపించేది ఆ ఒక్క మిల్లీమీటరు వల్లే. బ్రిటిష్ ఓఓ వ్యాగన్ల 12 మిల్లీమీటర్ల చక్రాలు మనకు దగ్గర పడతాయి.

పెట్టె కట్టడం గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. బాక్స్‌ఎన్ వెల్డింగు పెట్టె, గీతలన్నీ తిన్ననివి. పలచటి పాలిస్టైరీన్ షీటు, ఉక్కు స్కేలు, పదునైన బ్లేడు, ప్లాస్టిక్‌ను కరిగించి అతికించే ద్రవం ఉంటే చాలు. కప్లింగు నుంచి కప్లింగు దాకా 10,713 మిల్లీమీటర్లు, మోడల్‌లో 123. రెసిన్ త్రీడీ ప్రింటర్లు వచ్చాక 58 పెట్టెలు చేయడం ఓపిక పరీక్ష కాకుండా పోయింది. ఒక్కటే గుర్తుంచుకోవాలి. నిజం వ్యాగన్ గోడ కొద్ది మిల్లీమీటర్ల రేకు. అయిదు అనుకున్నా మోడల్‌లో మిల్లీమీటరులో పదిహేడో వంతు. అంత పలచగా ఏ పదార్థమూ నిలవదు. పై అంచు పట్టీ దగ్గర లోపలి వైపు ఏటవాలుగా గీకి పలచగా ఉన్నట్టు భ్రమ కలిగించాలి. ఖాళీ వ్యాగన్‌కు ఈ పని తప్పదు.

ఖాళీ వ్యాగన్‌కు ఇంకో సమస్య ఉంది. నడిచే మోడల్ పట్టాలు తప్పకుండా ఉండాలంటే బరువు కావాలి. అమెరికా మోడల్ రైల్‌రోడ్ సంఘం ఇచ్చిన సూత్రం ప్రకారం హెచ్‌ఓ వ్యాగన్‌కు ఒక ఔన్సు, పైన అంగుళానికి అర ఔన్సు. బాక్స్‌ఎన్‌కు ఇది 97 గ్రాముల దాకా వస్తుంది. మూసిన పెట్టెలో సీసం దాచవచ్చు. తెరిచిన పెట్టెలో ఎక్కడ దాస్తాం? అడుగు పలకనే లోహంతో చేయాలి, లేదా పోత లోహం బోగీలు వాడాలి. విశాఖ నుంచి ఘాటు ఎక్కే ప్రతి ఖనిజం రేకూ ఖాళీదే కాబట్టి ఈ తిప్పలు తప్పించుకోలేం. లోడు దిగుతుంది, ఖాళీ ఎక్కుతుంది. ఈ లైను ఆర్థికమంతా ఆ ఒక్క మాటలో ఉంది. లేఅవుట్ మీద లోడు బండి కొండెక్కుతుంటే తెలిసినవాడు నవ్వుకుంటాడు.

రంగు దగ్గరికి వద్దాం. రెడ్ ఆక్సైడ్ డబ్బా తెచ్చి పూయడంతో పని అయిపోదు. పెద్ద వస్తువు మీద ఉన్న రంగును చిన్న వస్తువు మీద అదే ముదురులో వేస్తే నల్లబడినట్టు కనిపిస్తుంది. కొంచెం తెలుపు లేదా బూడిద రంగు కలిపి పలచబరచాలి. ఎండకు వెలిసిన తేడా కోసం ఒకే రేకులో మూడు నాలుగు ఛాయలు కావాలి. కొన్నేళ్లకోసారి వర్క్‌షాపుకు వెళ్లి పూర్తి ఓవర్‌హాల్ అయి వచ్చిన వ్యాగన్ కొత్తగా మెరుస్తుంది, పక్కది పాతబడి ఉంటుంది. మన రాష్ట్రంలో ఆ పని గుంటుపల్లి వ్యాగన్ వర్క్‌షాపు చేస్తుంది. స్టెయిన్‌లెస్ పెట్టెలకు రంగు వేయకుండా వదిలేసిన చోట వెండి బూడిద ఛాయ. ఎరుపు రేకులో ఇలాంటివి రెండు మూడు కలిపితే బండికి ప్రాణం వస్తుంది.

అక్షరాలు ఇంకో పెద్ద చదువు. జోన్ పేరు హిందీలోనూ ఇంగ్లీషులోనూ, వ్యాగన్ రకం, ఖాళీ బరువు, మోసే బరువు, ఓవర్‌హాల్ తేదీ, తిరిగి రావాల్సిన తేదీ. అనుమతించిన బరువుకు మించి మరికొన్ని టన్నులు మోయవచ్చని చెప్పే సీసీ+8+2 లాంటి గుర్తు అసలు డిజైన్‌తో వచ్చింది కాదు, తర్వాతి కాలపు నిర్ణయం. 1990ల వ్యాగన్ మీద అది రాస్తే తప్పు. ఇప్పటి వ్యాగన్ నంబరులో 11 అంకెలుంటాయి: మొదటి రెండు రకం, తర్వాతి రెండు సొంతదారు రైల్వే, తర్వాతి రెండు తయారైన సంవత్సరం, నాలుగు వరుస సంఖ్య, చివరిది తనిఖీ అంకె. ఆ చివరి అంకెను ఊహించి రాయకూడదు, లెక్కగట్టాలి. సరి స్థానాల్లోని అంకెలు కూడి మూడుతో గుణించి, బేసి స్థానాల్లోని అంకెలు దానికి కలిపి, పై పదికి ఎంత తక్కువో చూడాలి. కల్పించిన 1012090123 తీసుకుంటే సరి స్థానాల మొత్తం 15, మూడు రెట్లు 45, బేసి స్థానాలవి 4, కలిపితే 49. తనిఖీ అంకె 1. ఎవరు చూస్తారని అనుకోవద్దు. రైల్వే కంట్రోలులో పనిచేసినవాళ్లు ప్రదర్శనకు వస్తే ముందు చూసేది అదే.

ఇక మురికి. అన్నిటికన్నా ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. విదేశీ వీడియోలు చూసి మనవాళ్లు తుప్పు పూస్తారు, నల్లటి చారలు లాగుతారు. బైలదిల్లా ఖనిజం హెమటైటు. గడ్డగా ఉన్నప్పుడు ఉక్కు బూడిద రంగు, పొడి అయితే ఎరుపు. కాబట్టి పెట్టెలోని లోడు ముదురు బూడిద, దాని చుట్టూ పట్టిన దుమ్ము ఎరుపు. రెండూ ఒకే రంగు వేస్తే అది ఇటుకల బండి అవుతుంది. దుమ్ము ఎక్కువగా ఆగేది పక్క గోడల బలపు పట్టీల అడుగున, బోగీల మీద, చివర గోడల మీద. తుప్పేమో రంగు పొర లేచిన చోట, మచ్చలు మచ్చలుగా. ఘాటు దిగేటప్పుడు బ్రేకులు పడుతూనే ఉంటాయి కాబట్టి చక్రాల దగ్గర బ్రేకు దిమ్మల పొడి నల్లగోధుమ రంగులో వేరుగా కనిపించాలి. టిప్లర్ పట్టుకుని వ్యాగన్‌ను ఆసాంతం బోర్లించే రేవుల్లో తిరిగింది కాబట్టి పై అంచు పట్టీ మీద రంగు లేచి లోహం తేలి ఉండాలి. లోపలి గోడలు కింది సగం ఖనిజం రాసుకుని నునుపెక్కి, పై సగం దుమ్ము పట్టి. లోపలి గోడ మీద ఆ రెండు సగాల మధ్య గీత చాలు, ఈ వ్యాగన్ ఖనిజం మోసిందా బొగ్గు మోసిందా చెప్పడానికి. లోడుకు నిజం ఖనిజాన్నే దంచి వాడేవారున్నారు. రంగుకు అంతకన్నా మంచిది లేదు గానీ, ముందు దాని మీద అయస్కాంతం తిప్పి అంటుకునే రేణువుల్ని తీసేయాలి. లేకపోతే అవి ఇంజను మోటారులోకి చేరతాయి.

అన్నీ కుదిరినా చోటు సంగతి మిగిలే ఉంటుంది. 58 బాక్స్‌ఎన్‌లు హెచ్‌ఓలో 7 మీటర్లు, మూడు ఇంజన్లు కలిపితే దాదాపు 8. సగటు ఇంట్లో ఏ గదీ అంత పొడవుండదు. 160వ వంతు ఎన్ కొలతలో వ్యాగన్ల వరకు 4 మీటర్లలోపు ఇముడుతాయి, కానీ అక్కడ అక్షరాలు చదవలేం. సగానికి కుదించి 25, 30 వ్యాగన్లతో సరిపెట్టడమే మంచిదని నాకనిపిస్తుంది. సొరంగాలే ఇందుకు సాయం చేస్తాయి. బండి ముందు భాగం ఒక సొరంగంలో, తోక ఇంకో సొరంగంలో ఉంటే ఎన్ని పెట్టెలున్నాయో ఎవరూ లెక్కపెట్టలేరు. అది మోసం కాదు. శిమిలిగూడ కింద కొండవాలున నిలబడి చూసేవారికి నిజం బండి కూడా ఎన్నడూ మొత్తంగా కనిపించదు.

మన దగ్గర ఈ పనికి పునాది లేకపోలేదు. ఢిల్లీలో జాతీయ రైల్ మ్యూజియం, పుణెలో భావూ జోషీ జీవితకాలపు కృషితో 1998లో తెరిచిన చిన్న రైళ్ల మ్యూజియం ఉన్నాయి. తెలుగునాట చేతి నైపుణ్యానికి కొదవే లేదు. అరకు కొండలకు దిగువన వరాహ నది ఒడ్డు ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె పట్టి, లక్క రంగులు అద్ది బొమ్మలు చేస్తారు, రైలుబండితో సహా. ఆ బొమ్మ రైలు నిజం రైలులా ఉండాలని ఎవరూ కోరరు, కోరకూడదు కూడా. అది వేరే విద్య. కానీ కర్ర పీచును, లక్క వేడిని ఎరిగిన ఆ చేతులకు కొలతల డ్రాయింగు అందిస్తే ఏమవుతుందో ఎవరూ ప్రయత్నించి చూసినట్టు లేదు. మనకు లేనిది చెయ్యి కాదు, కాగితం. కొనడానికి కిట్లు లేవని వాపోతాం గానీ, కిట్ల కంటే ముందు కావాల్సింది డ్రాయింగులు. లక్నోలోని రైల్వే డిజైన్ల సంస్థ దగ్గర ప్రతి వ్యాగన్‌కూ డ్రాయింగు ఉంటుంది. అభిరుచి గలవాడికి అర్థమయ్యే రూపంలో, కొలతలతో, ఏ ఏడు ఏ మార్పు జరిగిందో చెబుతూ తెలుగులో ఒక్క పుస్తకం నా కంట పడలేదు.

అందుకే విశాఖ, విజయనగరం, అరకు వైపు పాఠకులకు, ముఖ్యంగా రైల్వేలో పనిచేసి రిటైరైన క్యారేజ్ అండ్ వ్యాగన్ సిబ్బందికి ఒక మనవి. మీ దగ్గరున్న పాత ఫొటోలు, నోటు పుస్తకాలు, కొలతల కాగితాలు పారేయకండి. బాక్స్‌ఎన్ ఇంకా వేలల్లో తిరుగుతోంది, దానికి తొందర లేదు. పాత బాక్స్, బీఓవై వ్యాగన్లు మాత్రం తుక్కుకు పోతున్నాయి. యార్డు మూలన ఒకటి కనిపిస్తే, అధికారుల అనుమతి తీసుకుని, పట్టాలు దాటకుండా, పక్క నుంచి ఒకటి, చివర నుంచి ఒకటి, బోగీది ఒకటి ఫొటో తీసి పెట్టండి. వీలైతే లోపలిది కూడా.